ఇసుకలో పాతిన వెదురు: ఒక పాత చర్చి ఆర్గాన్ పుట్టుపూర్వోత్తరాలు

*ఈ వారం వాక్య ధ్యానము*
*చదువుకోవలసిన భాగాలు: ఆదికాండము 4:17-22, కీర్తన 137, యెహెజ్కేలు 37:1-10*



పోయిన ఆదివారం ఔద్ మేథాలో ఆరాధన ముగించుకొని అల్ వర్సాన్‌కి తిరిగి వస్తున్నాం. బస్సులో నా పక్కన మా రూమ్ తమ్ముడు కూర్చున్నాడు. ఊళ్లో ఉన్నప్పుడు పదేళ్లు మందిరంలో హార్మోనియం వాయించిన పిల్లవాడు. ఇక్కడికి వచ్చాక జీతంలో మిగిల్చుకొని ఒక కీబోర్డు కొనుక్కున్నాడు. మొన్న వాళ్ల నాన్న ప్రభువు నందు నిద్రించారు. సెలవు, టికెట్టు కుదిరేలోగా అక్కడ మట్టి కార్యక్రమం అయిపోయింది. ఫోన్‌లోనే చూశాడు. ఆ రోజు నుండి కీబోర్డు మంచం కిందికి పోయింది. పాట పాడటం లేదు. మేమూ బలవంతం చేయలేదు.

అలాంటివాడు బస్సులో ఉన్నట్టుండి అడిగాడు. "అన్నా, కీబోర్డులో చర్చ్ ఆర్గాన్ అని ఒక సౌండ్ ఉంటది కదా. అసలు ఆ ఆర్గాన్ ఎక్కడిది? మన ఊరి చర్చిల్లో ఎందుకు లేదు?"

నాకు అప్పుడు సరైన జవాబు రాలేదు. కానీ ఇన్ని వారాల తర్వాత వాడు సంగీతం గురించి నోరు విప్పాడు గనుక ఆ ప్రశ్నను ఊరికే పోనివ్వబుద్ధి కాలేదు. వారమంతా డ్యూటీ అయ్యాక చదివి రాసుకున్నదే ఈ పాఠం. కాస్త పొడుగే, ఓపికతో చదవండి.

*మొదట వాక్యంలో చూద్దాం*

ఆదికాండము 4వ అధ్యాయంలో యూబాలు అనే మనిషి కనబడతాడు. తీగల వాయిద్యానికీ, ఊదే వాయిద్యానికీ మూలపురుషుడని మోషే అతని గురించి రాశాడు. ఆ ఊదే వాయిద్యానికి హెబ్రీలో ఉన్న మాట ఊగాబ్. మన తెలుగు బైబిలులో ఇక్కడ దాన్ని సానిక అన్నారు. అదే మాట 150వ కీర్తనలో వస్తే పిల్లనగ్రోవి అన్నారు. 1611లో ఇంగ్లండులో రాజు జేమ్స్ కాలంలో చేసిన అనువాదంలో మాత్రం రెండు చోట్లా ఆర్గాన్ అనే పెట్టారు. అందుకే కొందరు ఆర్గాన్ ఆదాము మనవళ్ల కాలం నుంచే ఉందని చెబుతారు. అది సరి కాదు. యూబాలు చేతిలో ఉన్నది గొట్టంలోకి గాలి ఊదే ఒక చిన్న వాయిద్యమే. అయితే ఆర్గాన్ అంటే కూడా ఆఖరికి అదే గదా, వరుసగా నిలబెట్టిన పిల్లనగ్రోవులు, వాటిలోకి గాలి.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. యూబాలు పుట్టింది కయీను వంశంలో. దేశదిమ్మరివై తిరుగుతావని దేవుడు ఎవరితో చెప్పాడో ఆ కయీను. అతని సంతానంలో ఒకడు గుడారాల్లో ఉండి పశువులను మేపేవాడు, ఒకడు సంగీతం వాయించేవాడు, ఇంకొకడు తూబల్కయీను, ఇత్తడి ఇనుము పనిముట్లు చేసేవాడు. మనలో ఫాబ్రికేషన్, వెల్డింగ్ చేసే సహోదరులకు పెద్దన్న అన్నమాట. స్థిరమైన ఊరు లేని కుటుంబంలో పాటా పుట్టింది, ఇనుప పనీ పుట్టింది. ఆర్గాన్ చేయడానికి ఈ ఇద్దరు అన్నదమ్ముల విద్యా కావాలి.

*మంగలి కొడుకు చేసిన యంత్రం*

అసలైన ఆర్గాన్ పుట్టింది ఐగుప్తులో, అలెక్సంద్రియ పట్టణంలో, క్రీస్తుకు పూర్వం 3వ శతాబ్దంలో. చేసినవాడు క్టెసిబియస్. తండ్రి మంగలి. కొట్లో అద్దాన్ని పైకీ కిందికీ జరపడానికి ఈ కుర్రవాడు ఒక గొట్టంలో సీసపు బరువును తాడుతో వేలాడదీశాడట. బరువు కిందికి జారుతుంటే గొట్టంలో గాలి నొక్కుకుపోయి ధ్వని చేసింది. దాన్ని విని వదిలేయకుండా పట్టుకున్నాడు. ఈ ముచ్చట విత్రువియస్ అనే రోమా శిల్పి తన గ్రంథంలో రాసిపెట్టాడు.

క్టెసిబియస్ తన యంత్రంలో గాలి ఒత్తిడి ఎగుడుదిగుడు కాకుండా నీటి బరువును వాడాడు. అందుకని దాన్ని నీటి ఆర్గాన్ అన్నారు. అలాంటి పాత ఆర్గాన్ ఒకటి 1931లో హంగరీ దేశపు బుడాపెస్ట్ దగ్గర అక్వింకమ్ శిథిలాల్లో దొరికింది. దాని మీద రేకు ఫలకంలో క్రీ.శ. 228 నాటి కానుక అని చెక్కి ఉంది. ఇచ్చింది చర్చికి కాదు, ఊళ్లో మంటలార్పే పని చేసే ఒక పనివాళ్ల సంఘానికి.

అవును, మొదటి వందల సంవత్సరాలు ఆర్గాన్‌కీ చర్చికీ సంబంధం లేదు. రోమా వాళ్లు దాన్ని ఆటల మైదానాల్లో, కత్తి యుద్ధాల మధ్య వాయించేవారు. విశ్వాసుల రక్తం పారిన చోట వినబడిన ధ్వనిని విశ్వాసులు ఆరాధనలోకి ఎలా తెచ్చుకుంటారు? తూర్పు సంఘాలు చాలా వరకు ఇప్పటికీ నోటి పాటతోనే ఆరాధిస్తాయి. మనం ఉన్న ఈ దేశంలోనే, అబుదాబి వైపు సర్ బనీ యాస్ ద్వీపంలో, 7, 8 శతాబ్దాల నాటి క్రైస్తవ సన్యాసుల మఠం 1992లో బయటపడింది. అక్కడ ప్రార్థించినవాళ్లది తూర్పు సంఘం. వాళ్ల ఆరాధనలోనూ ఆర్గాన్ లేదు. ఇసుక, సముద్రం, మనుషుల గొంతు.

మరి చర్చిలోకి ఎలా వచ్చింది? 757లో కాన్‌స్టాంటినోపుల్ చక్రవర్తి ఐదవ కాన్‌స్టాంటిన్ ఫ్రాంకుల రాజు పెపిన్‌కి ఒక ఆర్గాన్‌ను బహుమానంగా పంపాడు. పడమటి దేశాల్లో మరచిపోయిన వాయిద్యం అలా తిరిగి అడుగుపెట్టింది. 10వ శతాబ్దానికి మఠాల్లో, పెద్ద మందిరాల్లో నిలబడింది. ఇంగ్లండులోని వించెస్టర్‌లో అప్పట్లో 400 గొట్టాల ఆర్గాన్ ఉండేదనీ, తిత్తులు ఊదడానికి 70 మంది చెమటలు కార్చేవారనీ ఆ మఠపు సన్యాసి ఒకాయన పద్యంలో రాశాడు. కవి గనుక కాస్త పెంచి రాశాడేమో, నాకైతే అనుమానమే. కానీ వాయించిన ఒక్కడి వెనక ఊదిన లేబరు ఉన్నారన్నది మాత్రం నిజం. ఈ మధ్యకాలంలోనే, 9వ శతాబ్దంలో, బాగ్దాదులో బనూ మూసా అనే ముగ్గురు అన్నదమ్ములు నీటి బలంతో తనంతట తానే మోగే వాయిద్యాన్ని గురించి అరబీలో వివరంగా రాశారు. ఈ విద్య ఒక్క యూరప్ వాళ్ల సొత్తు అనుకోకండి.

*డక్టు పని తెలిసినవాళ్లకు తేలిగ్గా అర్థమౌతుంది*

మనలో ఏసీ డక్టు పని చేసేవాళ్లు చాలామంది. మీకు ఒక్క నిమిషంలో చెప్పొచ్చు. బ్లోయరు బదులు తిత్తులు. అక్కడినుంచి గాలి ఒక పెద్ద చెక్కపెట్టెలోకి వచ్చి ఒకే ఒత్తిడితో నిలిచి ఉంటుంది, మన ప్లీనం బాక్సు లాగా. పెట్టె పైన వరుసగా గొట్టాలు. ఒక్కొక్క గొట్టం కింద చిన్న మూత. మీట నొక్కితే ఆ మూత తెరుచుకొని గాలి గొట్టంలోకి పోతుంది. గొట్టానికి పిల్లనగ్రోవికి ఉన్నట్టే ఒక నోరు ఉంటుంది. సన్నని గాలి రేకు ఆ నోటి అంచుకు తగిలి అల్లాడితే స్వరం పుడుతుంది. గొట్టం పొడుగైతే మంద్రం, పొట్టిదైతే తారం. పొడుగు సగం చేస్తే స్వరం ఒక స్థాయి పైకి పోతుంది. పై చివర మూసేస్తే, అంతే పొడుగు గొట్టం ఒక స్థాయి కిందికి దిగి పలుకుతుంది. జాయింటులో ఎక్కడైనా లీకేజీ ఉంటే గొంతు నీరసం. మూత సరిగా పడకపోతే ఎవరూ నొక్కకుండానే ఒక గొట్టం ఆరాధన మధ్యలో ఊఁ అంటూనే ఉంటుంది.

గొట్టానికి సొంత గొంతు లేదు. గాలి వచ్చినంతసేపే. హెబ్రీలో గాలికీ, ఊపిరికీ, ఆత్మకూ ఒకటే మాట, రూఆహ్. ఈ మాట గుర్తుపెట్టుకోండి, కింద మళ్లీ అవసరం వస్తుంది.

*ఫిలిప్పీన్స్ సహోదరుడు చెప్పిన సంగతి*

ఈ పాఠం కోసం అడుగుతూ ఉంటే మా సైట్ స్టోర్‌లో పనిచేసే ఫిలిప్పీన్స్ సహోదరుడు ఒక మాట అన్నాడు. మా మనీలా పక్కన లాస్ పినాస్‌లో వెదురుతో చేసిన ఆర్గాన్ ఉంది, చిన్నప్పుడు బడివాళ్లు తీసుకెళ్లి చూపించారు అని. వెదురుతోనా? నేను నమ్మలేదు. తర్వాత చదివితే అంతా నిజమే.

డియెగో సెరా అనే స్పెయిన్ దేశపు సన్యాసి 1762లో గ్రౌస్ అనే ఊళ్లో పుట్టాడు. 1790ల్లో ఫిలిప్పీన్స్‌కి వచ్చి లాస్ పినాస్‌లో సంఘ కాపరిగా ఉన్నాడు. సముద్రపు ఒడ్డున ఉన్న బీద ఊరు. రాతి మందిరం కట్టించాడు. రోడ్లు బాగుచేయించాడు. మందిరానికి ఆర్గాన్ కావాలి. యూరప్ నుంచి తెప్పించాలంటే డబ్బు లేదు. గొట్టాలకు కావలసిన తగరం, సీసం ఆ ఊళ్లో దొరకవు. దొరికేది వెదురు. సరే, వెదురుతోనే చేద్దాం అనుకున్నాడు.

మన మెదక్ చర్చి కట్టించిన పోస్నెట్ దొరగారు కరువులో జనానికి పని, కూడు దొరకాలని ఆ పని పెట్టించారని మన పెద్దలు చెబుతారు కదా. అలాంటి మనిషే ఈయన కూడా అనిపించింది నాకు. ఉన్నచోట ఉన్నదాంతోనే పని మొదలుపెట్టే రకం.

1816లో వెదురు కొట్టించాడు. ఇక్కడ మన పల్లెల్లో పెరిగినవాళ్లకు వెంటనే సందేహం వస్తుంది. వెదురు నాలుగు రోజుల్లో పుచ్చిపోతుంది కదా, పురుగు తొలిచి పిండి రాలుస్తుంది కదా. సెరాకీ అది తెలుసు. అందుకని కొట్టిన వెదుళ్లను సముద్రపు ఒడ్డున ఇసుకలో పాతిపెట్టించాడు. నెలల తరబడి అలాగే ఉంచాడు. ఉప్పు ఇసుకలో కొన్ని కుళ్లిపోయాయి, కొన్నింటిని పురుగు తినేసింది. తవ్వి తీసినప్పుడు గట్టిగా నిలిచినవాటినే ఏరుకొని గొట్టాలు చేయడం మొదలుపెట్టాడు.

1821కి వాయించగలిగేటట్టు తయారైంది. కానీ బూర లాంటి గంభీరమైన స్వరం వెదురులో పలకలేదు. ఆయన మొండికి పోలేదు, ఆ గొట్టాలను లోహంతో చేశాడు. అవి 1824లో పూర్తయ్యాయి. మొత్తం 1,031 గొట్టాలు. అందులో 902 వెదురువి, 129 లోహంవి. సుమారు 5 మీటర్ల ఎత్తు, 4 మీటర్ల వెడల్పు. లోహపు బూరలు ఎదురుగా చేతులు చాచినట్టు అడ్డంగా పొడుచుకొని ఉంటాయి. పక్షుల కిలకిల వినిపించడానికి నీళ్లలో ఆడే చిన్న గొట్టాలు కూడా పెట్టాడు. పిల్లల కోసమే పెట్టి ఉంటాడు అని నా ఊహ.

డియెగో సెరా 1832లో మనీలాలో కన్నుమూశాడు. స్పెయిన్‌కి తిరిగి వెళ్లలేదు.

ఆ తర్వాత ఆర్గాన్‌కి కష్టకాలం వచ్చింది. ఆ దేశంలో భూకంపాలు, తుఫాన్లు మామూలే. మందిరం దెబ్బతిన్నది, వానకు వెదురు తడిసింది. గొట్టాలు ఊడదీసి మూలన పెట్టారు. మధ్యలో ఎవరో ఒకరు కొంత బాగుచేసేవాళ్లు, మళ్లీ పాడయ్యేది. పూర్తి స్వరంతో పలకకుండా దశాబ్దాలు గడిచిపోయాయి. ఊళ్లోవాళ్లు దాన్ని పారేయలేదు, అంతే. పలకని వాయిద్యాన్ని తరతరాలు దాచుకున్నారు.

1973లో దాన్ని పూర్తిగా విప్పి, పెట్టెల్లో సర్ది జర్మనీకి పంపారు. బాన్ నగరంలో క్లాయిస్ అనే కుటుంబం 1882 నుంచి ఆర్గాన్లు చేస్తోంది. వాళ్లకో చిక్కు వచ్చింది. వెదురు పుట్టింది వేడి, తేమ ఉన్న దేశంలో. జర్మనీ పొడి చలిలో పెడితే పగిలిపోతుంది. పోనీ అక్కడి గాలికి సరిచేసి వాయించేటట్టు చేస్తే, ఇంటికి తిరిగి వెళ్లాక శ్రుతి చెడిపోతుంది. అందుకని ఆ పనివాళ్లు ఏం చేశారంటే, కార్ఖానాలో ఒక ప్రత్యేకమైన గది కట్టి, అందులో ఫిలిప్పీన్స్ వేడి, ఫిలిప్పీన్స్ తేమ ఉండేటట్టు చేశారు. ఆ గదిలోనే రెండేళ్లు పని జరిగింది.

ఇది చదివినప్పుడు నేను ఫోను పక్కన పెట్టేశాను. మన రూముల సంగతే గుర్తొచ్చింది. పన్నెండు గంటల డ్యూటీ తర్వాత ఆవకాయ సీసా మూత తీస్తే వచ్చే వాసన, ఫోన్‌లో అమ్మ గొంతు, రాత్రి నలుగురం గుసగుసగా చదువుకునే కీర్తన. పగిలిపోకుండా మనం కట్టుకున్న గది అదే కదా.

1975 మార్చిలో ఆర్గాన్ తిరిగి లాస్ పినాస్ చేరింది. ఊరంతా ఎదురొచ్చి తీసుకెళ్లారు. ఈలోగా మందిరాన్ని కూడా పాత రూపానికి తెచ్చారు. మే నెలలో మళ్లీ మోగింది. 1976 నుంచి ఏటా అక్కడ ఆర్గాన్ ఉత్సవం జరుగుతోంది. 2003లో ఆ దేశ ప్రభుత్వం దాన్ని జాతీయ సంపదగా ప్రకటించింది. ఇప్పుడు కూడా ఆరాధనలో వాయిస్తున్నారు.

*ఎండిన ఎముకలు, ఎండిన గొట్టాలు*

యెహెజ్కేలు 37 చూడండి. ప్రవక్త లోయలో ఎముకలు చూశాడు, అవి బహుగా ఎండిపోయి ఉన్నాయి. ఆయన ప్రవచిస్తే ఎముకకు ఎముక అతుక్కుంది, నరాలు వచ్చాయి, మాంసం వచ్చింది, చర్మం కప్పింది. అయినా వాటిలో ఊపిరి లేదు. ఈ మధ్య దశను మనం గబగబా చదివి దాటేస్తాం. అన్నీ సరిగ్గా అమర్చి ఉన్నా పలకని దశ అది. నాలుగు దిక్కుల నుంచి రూఆహ్ రావాలి. అక్కడ ఆ మాటను గాలి అన్నా తప్పు లేదు, ఊపిరి అన్నా తప్పు లేదు, ఆత్మ అన్నా తప్పు లేదు.

బాన్ కార్ఖానాలో కూడా మొదట గొట్టాలు శుభ్రం చేశారు, పగుళ్లు అతికించారు, పెట్టె సరిచేశారు. గాలి ఎక్కించింది ఆఖరికే. దేవుడు కూడా ముందు ఎముకలనే కలిపాడు. సహోదరుడా, నీ ప్రార్థనలో మాటలు రావడం లేదంటే దేవుడు నిన్ను వదిలేశాడని అనుకోకు. ఏ దశలో ఉన్నావో నీకు తెలియదు.

ఇక 137వ కీర్తన. బబులోను నదుల దగ్గర కూర్చొని ఏడ్చినవాళ్లు మనలాంటివాళ్లే, కాకపోతే వాళ్లు బందీలుగా పోయారు, మనం వీసా మీద వచ్చాం. చెరపట్టినవాళ్లు పాట పాడమంటే వాళ్లు పాడలేకపోయారు. తమ సితారాలను నిరవంజి చెట్లకు తగిలించారు. ఈ కీర్తన మీద చాలా ప్రసంగాలు విన్నాను. పరదేశంలోనైనా పాడాల్సిందే అని కొందరు గద్దిస్తారు. నాకు ఆ గద్దింపు వాక్యంలో కనబడలేదు. పాడలేకపోయినందుకు దేవుడు వాళ్లను ఒక్క మాట అనలేదు. పైగా ఆ పాడలేకపోవడాన్నే తన కీర్తనల గ్రంథంలో ఒక కీర్తనగా ఉంచాడు. వాళ్లు సితారాలను విరగ్గొట్టలేదు, నదిలో పారేయలేదు. చెట్టుకు తగిలించారు. తగిలించినదాన్ని మళ్లీ దించుకోవచ్చు.

*మరి మన ఊరి చర్చిలో ఎందుకు లేదు?*

తమ్ముడి రెండో ప్రశ్న మిగిలింది. పైపు ఆర్గాన్ అంటే ఒక యంత్రశాలను మందిరంలో పెట్టుకోవడమే. ఖర్చు, చోటు, శ్రుతి చేసే మనిషి, అన్నీ కావాలి. మన వేడి, మన చెదలు దాన్ని బతకనివ్వవు. మిషనరీ దొరలు ఊరూరా బండ్ల మీద తిరిగేవాళ్లు, వాళ్లకు బండిలో పట్టేది కావాలి. 1840ల్లో పారిస్‌లో అలెగ్జాండర్ డెబైన్ హార్మోనియం అనే పేరుతో ఒక వాయిద్యానికి పేటెంటు తీసుకున్నాడు. గొట్టాలు లేవు, గాలికి అల్లాడే ఇత్తడి నాలుకలే స్వరం ఇస్తాయి. మొదట దాన్ని కుర్చీలో కూర్చొని కాళ్లతో తొక్కేవారు. కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ దాన్ని నేల మీద కూర్చొని ఒక చేత్తో తిత్తి ఆడిస్తూ వాయించే హార్మోనియంగా మార్చాడు. మన నాటకాల వాళ్లు తీసుకున్నారు, భజనల వాళ్లు తీసుకున్నారు, మన సంఘాలూ తీసుకున్నాయి. పురుషోత్తమ చౌదరి గారి లాంటి భక్తులు అప్పటికే మన రాగాల్లో, మన తాళాల్లో కీర్తనలు రాసి ఉన్నారు. వాటి పక్కన హార్మోనియం చక్కగా కుదిరింది. దానికీ నిందలు తప్పలేదనుకోండి. మన సంగీతపు గమకాలు పలకవని ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా హార్మోనియాన్ని గుమ్మం తొక్కనివ్వలేదు. ఆ ముప్పై ఏళ్లూ మన పల్లె చర్చిల్లో అది ఆగకుండా మోగుతూనే ఉంది.

కీబోర్డు సంగతి కూడా చెప్పేస్తాను. చాలా కీబోర్డులు పాటించే 128 స్వరాల పట్టిక ఒకటి 1991లో ఖాయం చేశారు. అందులో 20వది చర్చ్ ఆర్గాన్. 21వది రీడ్ ఆర్గాన్, అంటే మన హార్మోనియం కుటుంబం. రెండూ పక్కపక్కనే ఉన్నాయి. ఒక్క మీట దూరం.

ఇదంతా గురువారం రాత్రి తమ్ముడికి చెప్పాను. స్టోర్ సహోదరుడు పంపిన లాస్ పినాస్ వీడియో ఇయర్‌ఫోన్లు పెట్టుకొని మూడుసార్లు విన్నాడు. ఏమీ అనలేదు. లైటు ఆర్పాక పై మంచం మీద నుంచి అడిగాడు.

"అన్నా, ఆ వెదురును ఇసుకలో ఎన్ని నెలలు పెట్టారన్నావ్?"

చెప్పాను. కీబోర్డు ఇంకా మంచం కిందే ఉంది. మీ ప్రార్థనల్లో ఈ తమ్ముణ్ణి, ఊళ్లో ఉన్న వాళ్ల అమ్మగారిని జ్ఞాపకం చేసుకోండి.

మీ సైట్‌లో ఫిలిప్పీన్స్ వాళ్లెవరైనా ఉంటే లాస్ పినాస్ గురించి అడిగి చూడండి, సంతోషంగా చెబుతారు. వచ్చే వారం ఆదికాండము 4:20, గుడారాల్లో నివసించిన యాబాలు. ముందుగా చదువుకొని రండి. మీ రూమ్‌లోని సహోదరులకు పంపగలరు.